సాక్సోఫోన్ చేతికి క్లారినెట్ వస్తే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

క్లారినెట్ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "సాక్సోఫోన్ వచ్చినవాడికి ఇదెంత, వారంలో పట్టేస్తా" అన్నావట కూడా. నేనూ అలాగే అనుకున్నానురా. ఆరేళ్లు ఆల్టో సాక్సోఫోన్ ఊదిన ధీమాతో, ఒక పెళ్లికి మా బ్యాండ్‌లో క్లారినెట్ ఆయన రాకపోతే నేనందుకున్నాను. ఊరేగింపు వీధి మలుపు తిరక్కముందే అది కీచుమంది. కారులోంచి పెళ్లికొడుకు తల బయటపెట్టి మరీ చూశాడు.

సాక్సోఫోన్ గొట్టం పోనుపోను వెడల్పవుతుంది. అందుకే స్థాయి మార్చే ఆక్టేవ్ కీ నొక్కితే స కాస్తా పై స అవుతుంది, వేళ్లు అవే. క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే లావు. ఇక్కడ స పట్టుకుని రిజిస్టర్ కీ (ఎడమ బొటనవేలి దగ్గరి మీట) నొక్కావంటే పై స రాదు, ఆ పైనున్న పంచమం వస్తుంది. బొటనవేలితో పాటు ఎడమచేతి మూడు వేళ్లూ మూస్తే, ఆ కీ నొక్కినప్పుడు పైన నీకు అలవాటైన జీ స్వరం పలుకుతుంది, నొక్కకపోతే కింద సీ. తెలిసిన వేళ్లు కదా అని పై స్థాయిలో మొదలుపెట్టకు. నెల రోజులు కింది స్థాయిలోనే కూర్చో. అన్నట్టు, నువ్వు కొన్నది బోమ్ సిస్టమ్‌దే (ఇప్పుడు ఎక్కువగా దొరికే కీల అమరిక) కదా? మా బ్యాండ్లలో తిరిగిన పాత ఆల్బర్ట్ రకమైతే వేళ్ల లెక్క ఇంకా మారిపోతుంది.

రెండోది రంధ్రాలు. సాక్సోఫోన్‌లో ప్యాడ్ మూసుకుంటుంది, వేలు ఎటు పడ్డా ఫర్వాలేదు. ఇక్కడ నీ వేలే ప్యాడ్. వెంట్రుకంత సందున్నా కీచుమంటుంది. పది నిమిషాలు వాయించి వేళ్ల కొసలు తిప్పి చూసుకో. గుండ్రటి గుర్తులు నిండుగా పడాలి. కుడి ఉంగరపు వేలి మీద అర్ధచంద్రుడు కనిపిస్తే దొంగ దొరికినట్టే. నాది ఎప్పుడూ ఆ వేలే. గట్టిగా నొక్కితే పోయేది కాదది, వేలి మెత్తటి భాగం రంధ్రం మీదికి జరగాలి.

అందరికీ టెన్షన్ పెట్టేది ఏ, బి-ఫ్లాట్‌ల నుంచి పై బీకి దాటడం. ఒకటి రెండు వేళ్ల మీద నడుస్తున్నవాడు ఉన్నట్టుండి ఎనిమిది వేళ్లూ ఒక్కసారే దించాలి. మా మాస్టారు చూపించిన కిటుకు ఇది: ఏ, బి-ఫ్లాట్ వాయిస్తున్నప్పుడే కుడిచెయ్యి మొత్తం మూసి ఉంచెయ్. స్వరం పెద్దగా మారదు. ఇక దించాల్సింది ఎడమచెయ్యే. బొటనవేలిని కూడా ఎత్తి వెయ్యకు, రంధ్రం మీద ఉంచే కొసని రిజిస్టర్ కీ వైపు ఒరిగించు.

నోటి పట్టుకొస్తే, ఆల్టో మౌత్‌పీస్ నోట్లోకి దాదాపు నేరుగా వెళ్తుంది. క్లారినెట్‌ని ఒంటికి దగ్గరగా వాల్చి పట్టుకోవాలి. గడ్డం చదునుగా కిందికి లాగి ఉంచు. మౌత్‌పీస్‌కి బ్యారెల్ (దాని కింద వచ్చే పొట్టి గొట్టం) ఒక్కటే తగిలించి ఊది ఫోన్‌లో ట్యూనర్ చూడు, ఎఫ్-షార్ప్ రావాలి. అంతకంటే దిగితే నీ పెదాలు ఇంకా సాక్సోఫోన్ దగ్గరే ఉన్నాయన్నమాట. రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి రెల్లు పలక) గట్టిదనం రెండున్నర నంబరు చాలు.

ఒక లాభం కూడా ఉంది. గమకాల కోసం, సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాలనాథ్ గారు ఆ వాయిద్యాన్నే మార్పించుకున్నారు. నీకు రంధ్రాలు తెరిచే ఉన్నాయి, వేలిని మెల్లగా పక్కకి జరిపితే జారు (స్వరం నుంచి స్వరానికి జారే గమకం) పలుకుతుంది. క్లారినెట్ విద్వాంసులు ఏ.కె.సి. నటరాజన్ గారి కచేరీలు విను.

మెడకి పట్టీ ఉండదు కాబట్టి బరువంతా కుడి బొటనవేలి మీదే. మొదట్లో పావుగంటకోసారి దించు. వాయించాక లోపల గుడ్డతో తుడవడం, కార్కులకి గ్రీజు రాయడం మర్చిపోకు.

వచ్చే ఆదివారం మీ ఇంటికొస్తున్నా. పాటేమీ వాయించక్కర్లేదు, వేళ్ల గుర్తులు చూపించు చాలు.

మీ మావయ్య