1/70 కింద కేసు గెలిస్తే భూమి వచ్చేసినట్టేనా?

అడిగిన ప్రశ్న ఇది: "మాది ఏజెన్సీ ఊరు. తాత హయాంలో షావుకారు అప్పు కింద పోయిన నాలుగెకరాలు ఇప్పుడు గిరిజనేతరుల సాగులో ఉంది. 1/70 చట్టం పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చా?"

తెచ్చుకోవచ్చు. 1/70 అంటే ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి 1వ నంబరు సవరణ రెగ్యులేషన్. ఆ చట్టం గట్టిగానే మీ వైపు ఉంది. ముందు ఒక్క సంగతి తేల్చుకోండి, మీ ఊరు షెడ్యూల్డు గ్రామాల జాబితాలో ఉందా లేదా. ఏజెన్సీ మండలంలో ఉన్నంత మాత్రాన సరిపోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కింద ఊరు షెడ్యూల్డు ప్రాంతంలోకి వచ్చి ఉండాలి. లేకపోతే 1/70 వర్తించదు. అది ప్రభుత్వం పంచిన డీ పట్టా భూమైతే 1977 నాటి 9వ నంబరు చట్టం కింద వెళ్లాలి. ఈ పని చేయకుండా పిటిషన్ వేసేవాళ్లకి మొదటి వాయిదాల్లోనే ఎదురుదెబ్బ తగులుతుంది.

జాబితాలో ఉంటే మిగతాది వినండి. అసలు రెగ్యులేషన్ 1959 నాటిది. 1963లో తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970 ఫిబ్రవరి 3 నుంచి సవరణ అమల్లోకి వచ్చాక షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఎవరు అమ్మినా, అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, కొనేవాళ్లు గిరిజనులో, పూర్తిగా గిరిజన సభ్యులే ఉన్న సహకార సంఘమో అయి ఉండాలి. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానం, మార్పిడి కూడా బదలాయింపే. వీటన్నిటికంటే పదునైన మాట ఇంకోటుంది: గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. "మా తాతదే అనడానికి కాగితం లేదు" అని మీరు వెనక్కి తగ్గక్కర్లేదు.

పిటిషన్ వెళ్లేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకి. వంశవృక్షం, చనిపోయినవాళ్ల మరణ ధ్రువపత్రాలు, కుల ధ్రువపత్రం, పాత రికార్డు నకళ్లు జత చేయండి. ఆంధ్ర వైపు సెటిల్‌మెంట్ రిజిస్టర్, పాత అడంగళ్లు. తెలంగాణ వైపు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. సర్వే నంబరు ఒక్కటే రాసి వదిలేయకండి. నాలుగు దిక్కుల హద్దులు, పక్క రైతుల పేర్లు, ఎఫ్‌ఎంబీ గానీ టిప్పన్ గానీ (పొలం కొలతల పటం) పెట్టండి. ఎందుకో కింద చెప్తాను.

అవతలివాళ్లు తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే కాగితం, చట్టం రాకముందే కొన్నామని చూపించడానికి పాత తేదీ వేసిన సాదా (రిజిస్టరు కాని) క్రయపత్రం. దాన్ని నకలు చూసి ఊరుకోవద్దు. అసలు కాగితం కోర్టులో పెట్టమని అడిగి, చేతిలోకి తీసుకుని అక్షరం అక్షరం చదవండి. 1962లో రాశామంటారు, లోపల "ఫలానా మండలం" అని ఉంటుంది. మండలాలు వచ్చిందే 1985లో. అంతకు ముందు తాలూకా, ఫిర్కా. పార్వతీపురం వైపు 1965 పత్రంలో "విజయనగరం జిల్లా" అని ఉంటే, ఆ జిల్లా పుట్టింది 1979లో. అప్పటికి అది శ్రీకాకుళం జిల్లా. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది, కాబట్టి 1957 పత్రంలో "ఖమ్మం జిల్లా" కనిపించకూడదు. స్టాంపు మీద విలువ చూడండి. 1957 ఏప్రిల్‌కి ముందు అణాలు, ఆ తర్వాతే నయా పైసలు. స్టాంపు వెండరు నంబరు, ముద్ర, అమ్మిన తేదీ వెనకవైపు ఉంటాయి. వేలిముద్ర వేశాడంటున్న మనిషి ఆ తేదీకి బతికే ఉన్నాడా అన్నది మరణ రిజిస్టరు చెప్తుంది. ఇవన్నీ దాటుకుని వచ్చినా, వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే భూమికి రిజిస్ట్రేషన్ లేని క్రయపత్రంతో హక్కు రాదు. నకిలీ పత్రం రాసేవాళ్లు కాగితాన్ని టీ నీళ్లలో తడిపి పాతదిలా చేయగలరు గానీ, జిల్లాల చరిత్ర చదివి రారు.

"అరవై ఏళ్లుగా మేమే దున్నుతున్నాం, మా గతేంటి" అనే మాట టీవీ చర్చల్లో తెగ వినిపిస్తుంది. సుప్రీంకోర్టు ఒడిశా కేసులో 2004లోనే చెప్పింది, అలాంటి ప్రాంతాల్లో గిరిజన భూమి మీద స్వాధీనానుభవం పేరుతో హక్కు పుట్టదని. అంతకుముందు 1988లో 1/70 చెల్లుతుందని కూడా తేల్చేసింది. 1997లో సమతా తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఈ చట్టం కిందికి తెచ్చింది. సర్కారు తన భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. ఇన్ని తీర్పులుండగా ఇంకా "చట్టంలో స్పష్టత లేదు" అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక ఆర్డరు వచ్చింది. అసలు ఆట అక్కడే మొదలవుతుంది. అప్పీలు కలెక్టరు స్థాయి ప్రభుత్వ ఏజెంటు దగ్గరికి, రివిజన్ ప్రభుత్వానికి, రిట్ హైకోర్టుకి. స్టే రావడానికి ఒక్కరోజు చాలు. అందుకే ఆర్డరు చేతికొచ్చిన వారంలోనే హైకోర్టులో కేవియట్, అంటే మా మాట వినకుండా స్టే ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ, వేయించండి. అది 90 రోజులే చెల్లుతుంది, గడువు దాటితే మళ్లీ వేయాలి. స్వాధీనం ఇప్పించే రోజు తహసీల్దారు మనుషులు, సర్వేయరు వస్తారు. పిటిషన్‌లో హద్దులు లేకపోతే "సర్వే నంబరులో నాలుగెకరాలు ఎటువైపో తెలియలేదు" అని రాసి వెళ్లిపోతారు, ఫైలు మొదటికొస్తుంది. పైరు ఉందన్న వంక ఇంకోటి. ఉంటే దాన్ని ఎవరు కోయాలో పంచనామాలోనే రాయించండి. గొలుసు పట్టి హద్దురాళ్లు పాతాక, ఇరుగుపొరుగు రైతుల సంతకాలతో పంచనామా నకలు అక్కడికక్కడే తీసుకోండి. అదే రోజు అరక కట్టి నాలుగు సాళ్లయినా దున్నండి. ఖాళీగా వదిలిన భూమిలోకి వారం తిరక్కుండా పాత మనిషే దిగుతాడు.

తర్వాత రికార్డు. అడంగల్‌లో, 1బీలో (భూమి హక్కుల రికార్డు), ఆన్‌లైన్‌లో పేరు మారేదాకా తహసీల్దారు ఆఫీసు వదలొద్దు. ఆర్డరులో గెలిచి కంప్యూటర్లో ఓడిపోయినవాళ్లు బోలెడు మంది. పేరు మారకపోతే పంట రుణం, రైతు సాయం పాతవాళ్ల ఖాతాకే పోతాయి. పెట్టుబడి లేక మీరు అదే భూమిని అదే మనిషికి కౌలుకిచ్చే రోజు వస్తుంది. ఆ కౌలూ చెల్లదు, కానీ కాగితం మీద చెల్లనిది పొలంలో ఎంచక్కా నడుస్తుంది.

మీరు అడగనిది కూడా చెప్తాను, నాకు అసలు ముఖ్యమనిపించేది అదే. నాలుగెకరాలు ఒక ఇంటికొస్తుంది. ఊరి దేవత గుట్ట, ఇటుకల పండుగకి విత్తనం పెట్టి మొక్కే చోటు, అడ్డాకు, వెదురు కోసుకునే అడవి, శ్మశానం, ఇవేవీ ఎవరి పట్టాలోనూ ఉండవు. వాటికి 1/70 పనికిరాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఫారం సి, అంటే సామూహిక అటవీ వనరుల హక్కు దరఖాస్తు, వేయాలి, ఊరంతా కలిసి. అడవిని కాపాడే, నడిపే హక్కు గ్రామసభ పేరున వస్తుంది. పెద్దవాళ్లని తీసుకుని వాగు, గుట్ట, చెట్టు గుర్తులతో పాత పొలిమేర నడవండి, జీపీఎస్‌లో పట్టండి, పక్క ఊరి గ్రామసభతో సరిహద్దు ఒప్పించుకోండి. తీర్మానానికి గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఫొటో, సంతకాలు లేకుండా పై కమిటీకి పంపొద్దు. పరిశీలనకు రమ్మని అటవీ, రెవెన్యూ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే మళ్లీ పరిశీలించమని దరఖాస్తును ఒకసారి వెనక్కి పంపుతారు. రెండోసారీ రాకపోతే గ్రామసభ మాటే ఖాయం. ఇది నిబంధనల్లోనే ఉంది, చాలామంది అధికారులకే తెలియదు.

వేట హక్కు మాత్రం అందులో రాయకండి, చట్టం దాన్ని బయట పెట్టింది, ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం దరఖాస్తు ఆపేస్తారు. హక్కు పత్రం వన సంరక్షణ సమితి (అటవీ శాఖ పెట్టించిన కమిటీ) పేరు మీద రాసిస్తామంటే తీసుకోవద్దు. గ్రామసభ పేరు మీదే కావాలని రాతపూర్వకంగా అడగండి.