నడిస్తే గుండె మీద భారం పడుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. చాలా ఏళ్లుగా బీపీ ఉంది, టెల్మిసార్టాన్, మెటోప్రోలాల్ వేసుకుంటారు. ఈమధ్య ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తే ‘ఎల్‌వీహెచ్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ఈఎఫ్ 62 శాతం’ అని వచ్చింది. అప్పటి నుంచి అమ్మ ఆయన్ని ఇందిరా పార్క్‌కి వాకింగ్‌కి పోనివ్వట్లేదు. ఆయనేమో నడిచొచ్చాక బీపీ 124 ఉంటోంది కాబట్టి ఒక మాత్ర మానేస్తానంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, దోమలగూడ, హైదరాబాద్

జవాబు: ఇద్దరి మాటా వినకండి. వాకింగూ మానకూడదు, మాత్రా మానకూడదు.

ముందు రిపోర్టు సంగతి. ఈఎఫ్ అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకీ బయటికి వెళ్లే శాతం, అది 62 ఉందంటే గుండె రక్తాన్ని బయటికి నెట్టే పని బాగానే చేస్తోంది (నూటికి 62 మార్కులేనా అని కంగారుపడేవాళ్లు చాలామంది ఉంటారు, 55 దాటితే నార్మలే). తేడా వచ్చింది వదులయ్యే దగ్గర. ఏళ్ల తరబడి ఎక్కువ ప్రెషర్‌కి ఎదురుగా పనిచేసీ చేసీ ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని నెట్టే గుండె గది) గోడ మందమవుతుంది, అదే ఎల్‌వీహెచ్. మందమైన గోడ ఒక్కసారి ముడుచుకున్నాక మళ్లీ తొందరగా సాగదు, అందుకే లోపల రక్తం నిండటం నెమ్మదిస్తుంది, అదే డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, గ్రేడ్ 1 అంటే అందులో మొదటి మెట్టు. బీపీ ఉన్న పెద్దవాళ్ల ఎకోల్లో ఈ గ్రేడ్ 1 మాట తరచూ కనిపించేదే.

ఇలాంటి గుండెకు చురుకైన నడక మేలే చేస్తుంది. కొన్ని వారాలు మానకుండా నడిస్తే రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను బాగా విడుదల చేసి నాళాలు కాస్త వదులవుతాయి, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 5 నుంచి 8 దాకా తగ్గుతుంది, గుండె ఎదురీదాల్సిన ప్రెషర్ ఆ మేరకు తగ్గినట్టే. కూర్చున్నప్పటి పల్స్ కూడా దిగుతుంది కాబట్టి రెండు దెబ్బల మధ్య రక్తం నిండటానికి టైమ్ దొరుకుతుంది. అలాగని బిగుసుకున్న గుండె పాతికేళ్ల గుండె అయిపోదు. ఆ బిగువు నడివయసులో మొదలుపెట్టినవాళ్లలో తగ్గినట్టుగా డెబ్బైలో మొదలుపెడితే తగ్గదు, ఓపిక మాత్రం పెరుగుతుంది. ముందే మొదలుపెడితే మేలన్న ఈ మాట మీక్కూడా వర్తిస్తుందమ్మా, నాన్నగారితోపాటు మీరూ బయల్దేరండి.

ఇక ఆ 124. నడక అయ్యాక కొన్ని గంటలపాటు బీపీ దిగి ఉంటుంది, అదీ మాత్రల మీద ఉండగా వచ్చిన అంకె. దాన్ని చూసి మాత్ర ఆపడం, అందులోనూ మెటోప్రోలాల్ ఉన్నపళంగా ఆపడం ప్రమాదం: పల్స్, బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతాయి. పొద్దున మాత్రకీ, నడకకీ ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని ఒకసారి, రాత్రి ఒకసారి, వారం పాటు చూసి కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. తగ్గించాలా వద్దా ఆయన చెబుతారు.

ఎంత నడవాలంటే, వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట. కొత్తలో పదేసి నిమిషాలుగా విడగొట్టినా పర్లేదు. మెటోప్రోలాల్ పల్స్‌ని పెరగనివ్వదు, కాబట్టి చేతి వాచీలో అంకె చూసి వేగం నిర్ణయించకండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. స్నేహితులతో అడుగడుక్కీ ఆగి రాజకీయాలు మాట్లాడుతూ ఒక రౌండ్ వేసి, దారిలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కానిచ్చి రావడం మంచి కాలక్షేపమే గానీ లెక్కలోకి రాదు. చివరి ఐదు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ రావాలి, ఠక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపే ముగించాలి.

కూర్చున్నప్పుడే 180/110 దాటిన రోజు నడక వద్దు, డాక్టర్‌తో మాట్లాడండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా అక్కడే కూర్చోవాలి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే గ్యాసేమోలే అని సోడా తాగకుండా 108కి ఫోన్ చేయండి. తగ్గినా సరే, డాక్టర్ చూసి ఈసీజీ తీసేదాకా మళ్లీ నడవకూడదు.