ఫ్రిస్కో అడ్రస్ అయితే ఫ్రిస్కో ఐఎస్‌డీయే అనుకోకండి

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు నచ్చింది, లిస్టింగ్‌లో రాసిన స్కూలే వస్తుందా అని అడిగారు కదండీ. అది చూసి మాత్రం సంతకం పెట్టకండి. టెక్సస్‌లో ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ, అంటే ఆ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థ) హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లోనే కొన్ని ఇళ్లు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి.

ముందు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ట్యాక్స్ కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో ఆ అడ్రస్ కొట్టండి. స్కూల్ ట్యాక్స్ ఏ ఐఎస్‌డీకి వెళ్తోందో కనబడుతుంది. తర్వాత ఆ ఐఎస్‌డీ సైట్‌లో ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ చూడండి. మేం ఎలిమెంటరీ ఒక్కటే చూసుకున్నాం. హైస్కూల్ మేం అనుకున్నది కాదని గృహప్రవేశం అయ్యాక తెలిసింది. ఆ టెన్షన్ మీకొద్దు. కొత్త స్కూళ్లు కడితే జోన్లు (ఏ ఇంటికి ఏ స్కూలన్నది) మారతాయి, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి అదీ అడగండి.

పాపకి సెప్టెంబర్ 1 నాటికి 5 ఏళ్లు నిండితేనే ఆ ఏడాది కిండర్‌గార్టెన్.