వాడిన పిస్తోలును వెంట ఉంచుకునే ముందు

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. నాకు గ్రీన్ కార్డు ఉంది. రాత్రి పొద్దుపోయాక దుకాణం మూసి నగదుతో ఇంటికి రావలసి ఉంటుంది కాబట్టి, రోజూ వెంట ఉంచుకోవడానికి లైసెన్సు గల వ్యాపారి దగ్గర వాడిన గ్లాక్ 19 పిస్తోలు, మూడో తరానిది, కొన్నాను. రేంజ్‌లో 50 తూటాలు కాల్చి చూశాను. ఒక్కసారి పేలిన తూటా ఖాళీ తొడుగు స్లైడ్‌లో (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగంలో) ఇరుక్కుంది, మిగతావన్నీ సరిగానే పేలాయి. అయితే 7 గజాల దూరంలో గుళ్లు ఎడమవైపు, కాస్త కిందికి పడుతున్నాయి. అమ్మినాయన "మొదట్లో అలాగే ఉంటుంది, నాలుగు పెట్టెల తూటాలు కాలిస్తే సర్దుకుంటుంది" అన్నారు. ఇక దీన్ని నమ్మి వెంట పెట్టుకోవచ్చా? కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ కాల్చిన మా బావమరిది హెచ్-1బీ వీసా మీద ఇక్కడే ఉన్నాడు. అతనిచేత కూడా కాల్పించి చూడవచ్చా?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: ఇప్పుడే వద్దు. మొదట్లో అలాగే ఉంటుందన్న మాట కొత్త పిస్తోలుకైతే కొంత వర్తిస్తుంది గాని, ఇదివరకే ఎవరో వాడి అమ్మిన పిస్తోలుకు ఆ సాకు చెల్లదు. పైగా మీరు కాల్చిన 50 తూటాలు చెప్పే సంగతి మీరనుకుంటున్నదానికంటే చాలా తక్కువ. నూటికి ఒకసారి మొరాయించే పిస్తోలు ఉందనుకుందాం. అది 50 తూటాల పరీక్షను ఏ ఆటంకమూ లేకుండా దాటిపోయే అవకాశం దాదాపు 60 శాతం, అంటే చెడ్డ పిస్తోలు కూడా సగానికి పైగా సందర్భాల్లో మంచిదనిపించుకుంటుంది. అదే 200 తూటాలు కాలిస్తే ఆ అవకాశం సుమారు 13 శాతానికి పడిపోతుంది. శిక్షకుల్లో చాలామంది సాధన తూటాలు 200, ఆపైన వెంట ఉంచుకోదలచిన రకం తూటాలు కనీసం 50 అని చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఇది చట్టం పెట్టిన నియమం కాదు, అనుభవం మీద స్థిరపడిన వాడుక మాత్రమే. నా మటుకు నేను రెండో అంకెను 100 చేయమంటాను.

అయితే మళ్లీ రేంజ్‌కు వెళ్లే ముందు ఇంట్లో చేయవలసిన పని కొంత ఉంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, తూటాలు నింపే మ్యాగజైన్ తీసేసి, తూటా పేలే గది అయిన ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. ఈ జాగ్రత్త గ్లాక్ విషయంలో మరీ ముఖ్యం, ఎందుకంటే శుభ్రం చేయడానికి స్లైడ్ విప్పాలంటే ముందుగా ట్రిగ్గర్ నొక్కవలసిన నిర్మాణం దానిది. ఖాళీ అనుకుని నొక్కినవారి చేతుల్లో పేలిన సంఘటనలు ఆ ఒక్క మెట్టు దగ్గరే ఎక్కువ. తరువాత వెనక్కి వెళ్లిన స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే స్ప్రింగ్‌ను పరీక్షించండి. ఖాళీ పిస్తోలును గొట్టం పైకి ఉండేలా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి అలాగే ఉంచి, స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, చేయి వదలకుండా నెమ్మదిగా ముందుకు రానివ్వండి. అది చివరిదాకా వెళ్లి మూసుకోకపోతే స్ప్రింగ్ బలహీనపడిందని అర్థం. మూసుకున్నా సరే, మీ స్థానంలో నేనుంటే దాన్ని మార్చేస్తాను. మూడో తరం గ్లాక్‌లో ఉండేది ఒకే చుట్ట గల స్ప్రింగ్, దాని ఖర్చు ఒకటి రెండు పెట్టెల తూటాల ధరను మించదు, పాత యజమాని ఎన్ని వేల తూటాలు కాల్చాడో మీకు ఎవరూ చెప్పలేరు.

పాత యజమాని మరొక రకం గుర్తును కూడా వదిలి ఉండవచ్చు. ట్రిగ్గర్ తేలికగా పడాలని బయటి కంపెనీల స్ప్రింగులు, కనెక్టర్లు (ట్రిగ్గర్ బిగువును నిర్ణయించే చిన్న రేకులు) బిగించుకునే అలవాటు ఈ దేశంలో విపరీతంగా ఉంది. షూటింగ్ పోటీల కోసమైతే అదొక సరదా అనుకోవచ్చు గాని, ప్రాణరక్షణకు ఉంచుకునే పిస్తోలులో అలాంటివి కనిపిస్తే తీసేయించి, తయారీ సంస్థ భాగాలనే పెట్టించండి. సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, రాత్రిపూట మెరిసే ట్రిటియం రకానివైతే వాటి తయారీ సంవత్సరం చూడండి. ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు, కాబట్టి పాత పిస్తోలు మీది సైట్లు చీకట్లో పెద్దగా ఉపయోగపడకపోవచ్చు.

ఇక ఇరుక్కున్న తొడుగు సంగతి. దానికి కారణం పిస్తోలే కానక్కరలేదు. తూటాల్లో మందు తక్కువై ఉండవచ్చు, తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి పేరుకుని ఉండవచ్చు, మ్యాగజైన్ పై అంచులు వంగి ఉండవచ్చు, లేదా మీ మణికట్టు సడలి, స్లైడ్ వెనక్కి వెళ్లడానికి కావలసిన ఆనిక దొరకకపోయి ఉండవచ్చు. ఏది కారణమో తెలియాలంటే మ్యాగజైన్ల అడుగున 1, 2, 3 అని రంగుతో అంకెలు వేసి, ఏ మ్యాగజైన్‌లో, ఏ తూటాతో, ఎన్నవసారి ఆగిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ రెండో నంబరు మ్యాగజైన్‌లోనే ఆగుతుంటే దాన్ని పారేస్తే సరిపోతుంది. కారణం పట్టుకుని సరిచేశాక లెక్కను ఆగినచోటినుంచి కాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఇక్కడే చాలామందికి ఓపిక నశిస్తుంది.

వెంట ఉంచుకునే హాలో పాయింట్ (గుండు ముక్కున గుంత ఉండే) తూటాలు ఖరీదైనవి కావడంతో వాటిని కాల్చి చూడకుండానే నింపుకునేవారున్నారు. అది సరికాదు. వాటి ముక్కు ఆకారం వేరు కాబట్టి, సాధన తూటాలు నున్నగా ఎక్కిన పిస్తోలులో కూడా ఇవి తట్టుకుని ఆగిపోవచ్చు. మరొక మాట: ప్రతి రాత్రీ తీసి ప్రతి ఉదయం అదే తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తూ పోతే గుండు క్రమంగా తొడుగులోకి దిగిపోతుంది, అప్పుడు పేలేటప్పటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పక్కన కొత్త తూటాను నిలబెట్టి ఎత్తు పోల్చి చూసి, పొట్టిదైనదాన్ని వాడకండి.

గుళ్లు ఎడమవైపు కిందికి పడటం కుడిచేతివాటం వారిలో సర్వసాధారణం. సాధారణంగా అది సైటు తప్పు కాదు, చప్పుడుకు ముందే చేయి బిగిసి ట్రిగ్గర్‌ను గుంజడం వల్ల వచ్చేది. మ్యాగజైన్‌లో రెండు మూడు డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటాలు ఎక్కడున్నాయో మీకు తెలియకుండా ఇంకొకరిచేత కలిపించి కాల్చండి. డమ్మీ దగ్గర పిస్తోలు ముక్కు కిందికి వాలితే దోషం చేతిది. ఇసుక సంచి మీద ఆనించి 15 గజాల నుంచి ఐదు గుళ్లు నిదానంగా కాల్చినా, ఆరితేరిన మరొకరు కాల్చినా అవి ఎడమవైపే పడితేనే వెనుక సైటును కుడివైపు జరిపించండి.

కాల్చేటప్పుడు ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి. చప్పుడు నీరసంగా వస్తే వెంటనే ఆపేయాలి, ఎందుకంటే గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండవచ్చు, దాని వెనుక రెండోది కాలిస్తే గొట్టమే పగులుతుంది. మూసి ఉన్న రేంజ్‌లో చెవుల్లో దూది వంటివి చాలవు. లోపల ప్లగ్గులు, పైన చెవులను కప్పే మఫ్లు రెండూ పెట్టుకోండి. సీసపు ధూళి బట్టలకు అంటుకుంటుంది కనుక చల్లని నీళ్లతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి. రేంజ్‌కు వాడే సంచిని ప్రయాణాలకు ఎన్నడూ వాడకండి. కుట్టు సందులో ఉండిపోయిన ఒక్క తూటాకు ఇండియా విమానాశ్రయాల్లో 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసులు నమోదవుతున్నాయి.

టెక్సాస్‌లో ఆయుధం కలిగి ఉండే అర్హత గల 21 ఏళ్లు నిండినవారు 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు పరీక్షను కొలబద్దగా తీసుకోమంటాను. 3, 7, 15 గజాల నుంచి 50 గుళ్లు, మొత్తం 250 మార్కులు, 175 వస్తే ఉత్తీర్ణత. వెంట ఉంచుకోదలచిన మనిషికి 175 చాలదని నా అభిప్రాయం.

మీ బావమరిదిచేత మాత్రం కాల్పించకండి. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటాలు గాని కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, అవి లేకుండా రేంజ్‌లో కాసేపు చేతిలో పట్టుకోవడం కూడా ఆ నిషేధం కిందికి రావచ్చు. దానివల్ల అతని వీసాకే ముప్పు రావచ్చు కనుక ఎన్‌సీసీ అనుభవం ఇక్కడ అక్కరకు రాదు. అతను మీ ఇంట్లోనే ఉంటున్నట్లయితే పిస్తోలు ఉంచే పెట్టె తాళంచెవి, తాళం తెరిచే అంకెలు అతనికి అందకుండా ఉంచి, ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి అడగండి. మరొకరిచేత కాల్పించి చూసే పరీక్షకు మీ రేంజ్‌లోని శిక్షకుణ్ణి గంటసేపు కుదుర్చుకోండి. ఆయన మీ పట్టును కూడా అప్పుడే చూసిపెడతారు.