‘సూపర్ అన్నా’ కాకుండా ఇంకేం రాయాలి?

ప్రశ్న: ఆదివారాలు హైదరాబాద్‌లో ఫొటోవాక్‌లకు (గుంపుగా నడుస్తూ ఫొటోలు తీయడానికి) వెళ్తుంటాను. తిరిగొచ్చాక అందరూ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి ‘ఎలా ఉంది, చెప్పండి’ అంటారు. ఎవరినీ నొప్పించకుండా తప్పులు చెప్పడం ఎలా?

నొప్పించడం గురించి అంత బెంగ పెట్టుకోకండి. పనికొచ్చే మాటైతే కొంచెం కటువుగా ఉన్నా మనిషి వింటాడు. అసలు చిక్కు వేరే. ఫొటోలో ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తుంది, ఎందుకు తేడా వచ్చిందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. అందుకే ‘కొంచెం షార్ప్‌గా లేదు బ్రో’ దగ్గర ఆగిపోతారు. ఆ మాట పట్టుకుని తీసినవాడు ఏం చేసుకుంటాడు?

మసకకు కారణం చెయ్యి కదలడం కావచ్చు, మనిషి కదలడం కావచ్చు, ఫోకస్ తప్పడం కావచ్చు. వంద శాతం జూమ్ చేసి చూస్తే తెలిసిపోతుంది. వీధిదీపాలు, మెరిసే చుక్కలు అన్నీ ఒకే వైపుకు గీతల్లా సాగితే చెయ్యి కదిలినట్టు. వెనక గోడ, దుకాణం బోర్డు స్పష్టంగా ఉండి మనిషి ఒక్కడే మసకగా ఉంటే మనిషి కదిలినట్టు. మొహం మసకగా ఉండి చెవో, వెనకున్న కిటికీ ఊచలో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. చెయ్యి కదిలితే షట్టర్ వేగం పెంచమనండి. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేని 50 ఎంఎం లెన్స్‌కి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద కనీసం సెకనులో 1/50 వంతు, సెన్సర్ చిన్నదైన 1.5 క్రాప్ కెమెరా మీద 1/80 ఉండాలి. మనిషి కదిలితే స్టెబిలైజేషన్ ఎంత గొప్పదైనా లాభం లేదు, నడిచే మనిషికి 1/250, పరుగెత్తే పిల్లలకు 1/500 పైన కావాలి. దానికోసం ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) పెరిగి ఫొటోలో గింజ కనిపిస్తే కనిపించనీ. ఫోకస్ తప్పినప్పుడు మాత్రం షట్టర్ జోలికి పోవద్దు, ఫోకస్‌కి సింగిల్ పాయింట్ ఎంచుకుని మనకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టమనండి. ఇదేమీ చూడకుండా ‘ట్రైపాడ్ వాడు’ అని పడేస్తే, పాపం ఆ మనిషి ట్రైపాడ్ మోసుకెళ్లి నడిచే జనాన్ని మళ్లీ మసకగానే తీసుకొస్తాడు.

అంతకంటే ముందు, మీరు చూస్తున్నది అసలు ఫొటోయేనా అని చూసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, షట్టర్, ఐఎస్ఓ వివరాలన్నీ ఎగిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. మీ ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగ్ తీసేయండి. అది ఆన్‌లో పెట్టుకుని ‘వైట్ బ్యాలెన్స్ వెచ్చగా పోయింది’ అని తీర్పు చెప్పేవాళ్లు ఉన్నారు! రంగులు మరీ వెలిసినట్టుంటే ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేశారా, అడోబ్ ఆర్‌జీబీలో చేశారా అని ఒక్క మాట అడగండి (ఇవి రెండు రంగుల పద్ధతులు, రెండోది ఫోన్లలో వెలిసినట్టు కనపడొచ్చు).

ఇక ఎలా రాయాలో ఒక ఫొటో మీదే చూద్దాం. దసరా ముందు ప్రతి గ్రూపులోనూ కనిపించేదే. అపార్ట్‌మెంట్ ముందు ఖాళీ జాగా, పైన ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు, మధ్యలో తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మలు, చుట్టూ పట్టుచీరల్లో ఆడవాళ్లు. కింద కామెంట్లలో పదిహేను చప్పట్ల బొమ్మలు, ఒక ‘రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించు’ (ముఖ్యమైనదాన్ని నడిమధ్యలో కాకుండా ఫ్రేములో మూడో వంతు గీత మీద పెట్టాలనే నియమం).

ముందు మీ కన్ను ఎక్కడికి పోయిందో గమనించండి. ఇలాంటి ఫొటోలో చాలాసార్లు అది బతుకమ్మ మీదికి పోదు, పై మూలలో తెల్లగా మండుతున్న ఫోకస్ లైట్ మీదికి పోతుంది. అన్నిటికంటే వెలుగున్న చోటికే కన్ను పరుగెడుతుంది కాబట్టి. రెండోది, బంతిపూలు రేకులు లేని నారింజ ముద్దలా కనిపిస్తాయి. ఫొటో మొత్తం చూస్తే ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉంటుంది, వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, తెల్ల హిస్టోగ్రామ్ కూడా బాగానే ఉందంటుంది, కానీ ఎరుపు గ్రాఫ్ (రెడ్ చానెల్) ఒక్కటే కుడి గోడకు కొట్టుకుని ఉంటుంది, అంటే ఎరుపులో వివరం పోయినట్టు. అందుకే రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడమనాలి. ‘రా’ (RAW, కెమెరా మార్చకుండా దాచిన అసలు) ఫైలు ఉంటే హైలైట్లు, నారింజ సాచురేషన్ తగ్గిస్తే రేకులు కొంత తిరిగొస్తాయి. జేపెగ్ అయితే పోయింది పోయినట్టే. మూడోది, ఫొటో మీద అడ్డంగా పడే చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి, నిశ్శబ్దంగా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్ మానేసి మెకానికల్‌కి మారినా తగ్గుతాయి. మరి 1/100లో ఆడేవాళ్లు కదిలిపోరా? పోతారు. అందుకే వంగి చప్పట్లు కొట్టే క్షణం కోసం చూడాలి, రెండు చేతులూ కలిసినప్పుడు కదలిక ఒక్క లిప్త ఆగుతుంది. ఈ చివరి మాట ఏ యూట్యూబ్ ట్యుటోరియల్లోనూ దొరకదు, కాస్త ఆట చూసినవాళ్లే చెప్పాలి.

ఇన్ని కనిపించాయి కదా అని అన్నీ రాయకండి. రెండు చాలు. ఇలా రాయొచ్చు:

‘ముందు వరసలో వంగినావిడ మొహం, బతుకమ్మ మీది గౌరమ్మ ఒకే గీతలో పడ్డాయి, ఆ టైమింగ్ బాగుంది. నా కన్ను మాత్రం ముందు కుడి మూల లైట్ మీదికే పోతోంది. రెండడుగులు ఎడమకు జరిగితే అది పిల్లర్ వెనక్కి పోయేది. ఇప్పటికి కుడివైపు కొంచెం క్రాప్ చేసి చూడు. బంతిపూలలో రెడ్ కొట్టుకుపోయింది, ఈసారి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టి తియ్.’

మెచ్చుకోలు మొదట్లో ఉన్నది మర్యాదకు కాదు. ఏది కుదిరిందో తెలిస్తేనే మళ్లీ చేస్తాడు. ‘నైస్ క్యాప్చర్’ వల్ల ఆ పని కాదు. గ్రూపులో రిటైరైన పెద్దవాళ్లుంటే ‘సర్’, ‘మేడమ్’ చేర్చి, ‘చూడండి’ అని రాయండి, అంతే. విషయం పలచన చేయకండి.

రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి ఎలాగూ మాటొచ్చింది కాబట్టి. చార్మినార్‌ని నడిమధ్యలో పెట్టినందుకు ఎవరినైనా తప్పుపట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. 1591లో కట్టినవాళ్లే నాలుగు వైపులా ఒకేలా కట్టారు, దాన్ని పక్కకు నెట్టి ఏం సాధిస్తారు? ఆ ఫొటోల్లో నిజంగా దెబ్బతినేది నిలువు గీతలు. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తితే మినార్లు లోపలికి వాలిపోతాయి. వెనక్కి వెళ్లి ఫోన్ నిటారుగా పట్టుకుని, కింద ఎక్కువైన రోడ్డు తర్వాత కోసేయమనండి. ఎడిటింగ్ యాప్‌లు స్నాప్‌సీడ్‌లోనో లైట్‌రూమ్‌లోనో సరిచేసుకుంటానంటే రెండు పక్కలా ఖాళీ వదిలి తీయమనండి, సరిచేసేటప్పుడు మూలలు తెగిపోతాయి. ‘లైట్ బాలేదు’ అనడం కూడా అంతే దండగ. గుల్జార్ హౌజ్ వైపు నుంచి కనిపించేది ఉత్తరం ముఖం. మన ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వాలేది సుమారు మే 9 నుంచి ఆగస్టు 3 దాకానే, చలికాలమంతా ఆ ముఖం నీడలోనే ఉంటుంది. కాబట్టి ‘సాయంత్రం పడమట ఉన్న లాడ్ బజార్ వైపు నుంచి తియ్, ఎండ నీ వీపు మీద ఉంటుంది’ అని చెప్పండి.

వెలుగు వింతగా ఉంటే మాత్రం ముందు అడగండి. ట్యాంక్‌బండ్ మీద సూర్యాస్తమయం వెనక ఉండేలా నిలబెట్టిన మనిషి మొహం చీకటిగా ఉందంటే, వాళ్లు కావాలనే నీడబొమ్మ తీసి ఉండొచ్చు. అదే అయితే చూడాల్సింది మొహం కాదు, ఆకారం. తల గట్టు గీతలో కలిసిపోయిందా, చేతులు ఒంటికి అంటుకుపోయాయా? కిందికి కూర్చుని తీస్తే తల ఆకాశంలోకి వస్తుంది. పూర్తి నలుపూ కాక, మొహమూ కనిపించక మధ్యలో ఆగిపోతే ఎక్స్‌పోజర్ ఇంకో స్టాప్ తగ్గించమనండి (అంటే వెలుగు సగం చేయమని).

చేయకూడనివి రెండు. అడగకుండా ఇంకొకరి ఫొటో ఎడిట్ చేసి అందరి ముందు పెట్టకండి, క్రాప్ చూపించాలంటే స్క్రీన్‌షాట్ మీద గీత గీసి విడిగా పంపండి. ‘ఫుల్‌ఫ్రేమ్ కొను’ అని సలహా ఇవ్వకండి, పిల్లర్ వెనక్కి లైటును దాచడానికి లక్షన్నర అక్కర్లేదు.

ఒకేసారి ఇరవై ఫొటోలు కుమ్మరించి ‘చెప్పండి’ అనేవాళ్లను ఒక్కటి ఎంచి పంపమనండి. పంపితే దాని మీద రాయండి. పంపకపోతే బొటనవేలు గుర్తు పెట్టి వదిలేయండి.