కెమెరా ఉంది సరే, సౌండ్ సంగతేంటి?

ప్రశ్న: భీమిలి దగ్గర ఒక మత్స్యకార పల్లెలో గంటన్నర సినిమా తీయబోతున్నాం. నటులంతా ఊరివాళ్లే. కెమెరా సొంతమే గానీ చేతిలో డబ్బు తక్కువ. మాటలు అక్కడికక్కడే రికార్డు చేయాలా, డబ్బింగ్ చెప్పించాలా? థియేటర్‌కీ ఓటీటీకీ పనికిరావాలంటే ముందే ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: అక్కడికక్కడే రికార్డు చేయండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ మీ విశాఖలోని ఒక పేటలోనే, ఎక్కువగా అక్కడివాళ్లతోనే తీసిన సినిమా. కొత్త ముఖాలైనా జనం చూస్తారు. కానీ ఎప్పుడూ నటించనివాళ్లని డబ్బింగ్ గదిలో నిలబెడితే పెదవులకి మాట కలపడమే సరిపోతుంది, యాస చప్పబడిపోతుంది.

సముద్రం పక్కన మాత్రం మైకు పని కష్టమే. బొచ్చు కవరు తొడిగి, 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకన్నా కింది మోతల్ని కోసేసే సెట్టింగ్) పెడితే గాలి మోత చాలావరకు తగ్గుతుంది. అలల హోరు అలా పోదు. అది మాటలుండే ఫ్రీక్వెన్సీల్లోనే పరుచుకుని ఉంటుంది కాబట్టి, తర్వాత తీసేయబోతే మాటా అరిగిపోతుంది. నటుడి వెనక సముద్రం కనిపించే షాట్‌లో బూమ్‌ని (పొడవాటి కర్రకి బిగించిన మైకుని) ఎదురుగా పెడితే మైకు నేరుగా అలలవైపే చూస్తుంది. తలపైనుంచి ఇసుకవైపు వంచి, ఫ్రేములో పడకుండా వీలైనంత కిందికి దించండి. కాలర్ మైకుని వేరే ట్రాకులో పెట్టుకోండి. సీను అయ్యాక అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఒట్టి హోరు రికార్డు చేయండి. టేకు టేకుకీ అలల మోత మారుతుంది, కట్ దగ్గర అది ఠక్కున తెలిసిపోతుంది. ఆ నిమిషాన్ని అడుగున పరిస్తే అతుకు వినబడదు.

థియేటర్‌కిచ్చే డీసీపీకి (ప్రొజెక్టర్లో ఆడించే డిజిటల్ ప్రతికి) సెకనుకి 24 ఫ్రేములే క్షేమం, మొదటి రోజునుంచీ అదే పెట్టండి. షటర్ సెకనులో 1/50 వంతు ఉంచండి, మన 50 హెర్ట్జ్ కరెంటుకి ట్యూబ్‌లైట్లు మిణుకుమనవు. సౌండ్ రికార్డర్లో శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పెట్టండి.

ఇక కాగితాలు. థియేటర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. ఎడ్లో కుక్కలో నటిస్తే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే తీసుకోవాలి. ఓటీటీకి సెన్సార్ అక్కర్లేదు గానీ, కథ, సంగీతం, నటీనటుల సంతకాలు అన్నీ అడుగుతారు. టీకొట్టు రేడియోలో సినిమా పాట మోగుతుంటే ఆపించి తీయండి, హక్కుల్లేని ఆ పాట వల్లే బేరం ఆగిపోవచ్చు. చిన్న సినిమాకి ఇప్పుడు ఓటీటీలు ఏకమొత్తం ఇవ్వకుండా, చూసినంతకే వాటా అనడం మామూలైంది. దాన్ని నమ్ముకుని మాత్రం అప్పు చేయకండి.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి సూర్యుడు దిగే షాట్ డ్రోన్‌తో తీయాలి. అనుమతి ఎవరిస్తారు?
– పాఠకురాలు, పెందుర్తి

జవాబు: మన తీరం తూర్పుకి ఉంది, సూర్యుడు సముద్రంలోంచి వస్తాడే గానీ అందులోకి దిగడు. సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. ఆ షాట్‌ని తెల్లవారుజాముకి మార్చుకోండి. డ్రోన్ విషయానికొస్తే, నౌకాదళ స్థావరాలున్న ఊరిది. ఎగరేసే ముందు డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్లో మ్యాప్ చూడండి. ఎర్ర ప్రాంతమైతే కేంద్రం అనుమతి, పసుపైతే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. అంత తిరగలేకపోతే కైలాసగిరి మీద, అక్కడి అనుమతి తీసుకుని, ట్రైపాడ్ వేసుకుంటే తీరం వంపంతా ఫ్రేములోకి వస్తుంది.