ఎంతలో ఎంత: నాచు గ్యాస్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నాచు నుంచి మీథేన్ తీయడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది, ఎక్కడా అడ్డు తగల్లేదు. కానీ నాచులో పుష్కలంగా ఇంధనం ఉందని మొదటి పేరాలోనే తేల్చేశావు, ఆ పుష్కలం ఎంతో మాత్రం చివరిదాకా చెప్పలేదు. సైన్సు రాసేవాళ్లు వదలకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎంతలో ఎంత? కిలో నాచుకి ఇంత గ్యాస్ అంటారు. అది నీళ్లోడుతున్న తడి నాచా, ఎండబెట్టినదా, లేక బూడిదను కూడా తీసేసి లెక్కగట్టిన సేంద్రియ పదార్థమా? మూడింటికీ మూడు అంకెలొస్తాయి. వాటిని కలిపేసి పోలిస్తే వ్యాసం అక్కడే చెడుతుంది.

ఒక లెక్క చూడు. మురుగునీటి చెరువుల్లో పెంచే సూక్ష్మ నాచు లీటరుకి అర గ్రాము ఉందనుకుందాం, కిలో ఎండు నాచు కావాలంటే 2,000 లీటర్ల నీళ్లు వడకట్టాలి. ఆ కిలో నుంచి వచ్చే మీథేన్ సుమారు 200 నుంచి 300 లీటర్లు, అంటే రెండు మూడు యూనిట్ల వేడి. దాన్ని ఇంజిన్లో మండించి కరెంటు తీస్తే చేతికొచ్చేది ఒక యూనిట్ లోపే. వడకట్టడానికి సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి నీళ్లనీ నాచునీ వేరుచేసే యంత్రం) వాడి, ఘనమీటరుకి, అంటే వెయ్యి లీటర్లకి, ఒక్క యూనిట్ ఖర్చయిందనుకున్నా రెండు యూనిట్లు అక్కడే పోతాయి! అందుకే ఈ రంగంలో అసలు కథ గ్యాస్ దగ్గర కాదు, నీళ్లలోంచి నాచును చవగ్గా బయటికి తీయడం దగ్గర ఉంది. తనంతట తాను అడుగుకి పేరుకునే నాచు కోసం ఎందుకంత తాపత్రయపడతారో పాఠకుడికి అప్పుడు అర్థమవుతుంది. నాచు నూనెతో చేసే బయోడీజిల్‌తో పోలిస్తే డైజెస్టర్‌కి, అంటే గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే తొట్టికి, ఉన్న పెద్ద సుగుణం కూడా ఇక్కడే చెప్పాలి: నాచును ఆరబెట్టక్కర్లేదు, తడిగానే వేసేయొచ్చు.

లోపల జరిగే పని గురించి నువ్వు నాలుగు దశలకూ నాలుగు పాఠ్యపుస్తకం పేర్లు పెట్టి ముందుకెళ్లిపోయావు, అవి ఎవరికీ గుర్తుండవు. మనవాళ్లకి గోబర్ గ్యాస్ తెలుసు, అక్కణ్ణుంచి ఎత్తుకో. గాలి చొరబడని తొట్టిలో ఒక జట్టు సూక్ష్మజీవులు పదార్థాన్ని విరగ్గొట్టి ఆమ్లాలు చేస్తాయి, ఇంకో జట్టు చివరికి వాటిని మీథేన్‌గా మారుస్తుంది. ఈ రెండో జట్టు నెమ్మది, పైగా సున్నితం. మేత ఎక్కువైతే ఆమ్లం పేరుకుని అవే ముందు చతికిలపడతాయి. పేరాకి ఇది చాలు.

పేడకీ నాచుకీ తేడా ఏమిటన్న దగ్గర మాత్రం తొందరపడకు. పశువు కడుపులో ఒకసారి నలిగి వచ్చింది పేడ, నాచు గట్టి కణకవచంతో నేరుగా వస్తుంది. 1957లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గోల్యూకీ, ఆస్వాల్డ్, గొటాస్ అనే పరిశోధకులు మురుగునీటిలో పెరిగిన నాచును డైజెస్టర్‌లో వేసి చూశారు. ముడి మురుగు బురద అరిగినంతగా అది అరగలేదు. 35 డిగ్రీల కంటే 50 డిగ్రీల దగ్గర మెరుగ్గా అరిగింది. ఈ మాట ఎప్పుడో తెలిసినదే కాబట్టి "కొత్తగా కనుగొన్న ఇంధనం" అన్న వాక్యం దయచేసి తీసెయ్.

రెండో చిక్కు నత్రజని. డైజెస్టర్‌కి కర్బనం, నత్రజని 20-30కి ఒకటి చొప్పున ఉంటే మంచిది, నాచులో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి ఆ నిష్పత్తి పది లోపే ఉంటుంది. మిగిలిన నత్రజని అమ్మోనియా అయి మీథేన్ చేసే జీవుల్నే దెబ్బతీస్తుంది. 2007లో యెన్, బ్రూన్ అనే పరిశోధకులు నాచులో వ్యర్థ కాగితాన్ని సగానికి సగం కలిపి చూస్తే, డైజెస్టర్‌లో ప్రతి లీటరు చోటుకీ రోజుకి 573 మిల్లీలీటర్లున్న మీథేన్ 1,170కి పెరిగింది. చూడ్డానికి రెట్టింపు. అయితే రెండోసారి వేసిన మేతలో సగం కాగితమే, అందులోంచీ గ్యాస్ వస్తుంది. "నాచు గ్యాస్ రెట్టింపైంది" అని రాస్తే తప్పు, "కాగితం కలిపిన తొట్టిలో రెట్టింపైంది" అని రాస్తే ఒప్పు. ఇంత చిన్న తేడా కోసం సతాయిస్తున్నానని విసుక్కోకు, నిన్ను నమ్మి చదివేవాడికి ఆ తేడా దక్కాలి.

చివరగా, నీ వ్యాసంలో ఊరు లేదు, మనుషులు లేరు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్‌కి దక్షిణాన సోల్రోడ్ అనే ఊరు ఉంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కుళ్లి అక్కడి జనం కంపు భరించలేకపోయారు. దాన్ని తీసి పేడతో, పెక్టిన్ (జామ్‌ని చిక్కబరిచే పదార్థం) తయారీలో మిగిలిన వ్యర్థంతో కలిపి వాడే బయోగ్యాస్ ప్లాంటు 2015లో మొదలైంది. నాచు వాటా అందులో చాలా చిన్నది, దాంతో వచ్చే ఇసుక పెద్ద తలనొప్పి. అయినా ఎందుకు తీస్తున్నారంటే ఒడ్డు శుభ్రపడుతుంది, నాచు పీల్చుకున్న నత్రజని, భాస్వరం తిరిగి సముద్రంలో కలవకుండా పొలాలకి ఎరువుగా పోతాయి. అక్కడ గ్యాస్ లాభాల్లో ఒకటి మాత్రమే. దీనికి ఒక్క పేరా సరిపోదు, సగం వ్యాసం ఇచ్చి తిరగరాయి. రాశాక పంపు, చదువుతాను.

నీ అన్నయ్య